రేడియోకు వడదెబ్బ

అది 2018 ఎండాకాలం. కరీంనగర్‌లో మా ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ మొదలై అప్పటికి ఏడాది దాటింది. నేను అందులో ఇంజినీరును. రేడియోలో పనిచేస్తానని చెబితే చాలామంది నేను పాటలు వేస్తాననో, మైకులో మాట్లాడతాననో అనుకుంటారు. పాటల సంగతి నాకు తెలియదు. పాట మధ్యలో ఆగిపోకుండా చూడటమే నా పని. స్టూడియోలోని గొంతును గాలిలోకి పంపే యంత్రాన్ని ట్రాన్స్‌మిటర్ అంటారు. దానికి జలుబూ జ్వరమూ రాకుండా కాపాడుకుంటూ ఉంటాను. స్టేషన్ మొత్తంలో చల్లటి గది నాదే. ఆ ఏసీ నాకోసం పెట్టింది కాదు, యంత్రాల కోసం పెట్టింది. వాటి పుణ్యాన నేనూ ఆ ఎండలు తట్టుకున్నాను.

మాకు అంతకుముందు రేడియో అంటే ప్రభుత్వ రేడియోనే. ప్రకటనల మీద బతికే పాటల స్టేషన్ మన ఊళ్లో పెడతారంటే మొదట ఎవరూ నమ్మలేదు. ప్రారంభానికి ముందు కొన్నాళ్లు టెస్ట్ ట్రాన్స్‌మిషన్ నడిపాం. అంటే మాటలుండవు, ప్రకటనలుండవు, ఒట్టి పాటలే. చిన్న సెట్టొకటి జేబులో వేసుకుని, ఎంత దూరం వినబడుతుందో చూసుకుంటూ బస్సుల్లో తిరిగాను. సుల్తానాబాద్ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ పాటలు ఎక్కడినుంచి వస్తున్నాయని అడిగాడు. కరీంనగర్ నుంచేనని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "కరీంనగర్ల రేడియో యాడిది బిడ్డా, నాకు చెవులు పోయినయ్ గని తెలివి పోలే" అన్నాడు. మా స్టేషన్‌కు దొరికిన మొదటి శ్రోత ఆయనే అని నా లెక్క.

తర్వాత నెలరోజుల్లో మంగలి షాపుల్లో, టీ కొట్లలో, ఆటోల్లో అంతటా మా పాటలే. చీరల దుకాణాలు, జూనియర్ కాలేజీలు, గ్రానైట్‌వాళ్లు, ఆసుపత్రులు ప్రకటనలిచ్చారు. ఉదయం ప్రోగ్రాంకు ఫోన్లు ఆగేవి కావు. సాయంత్రం ప్రోగ్రాంకు అంతకన్నా ఎక్కువ. అందరికీ తలనొప్పి మధ్యాహ్నంతోనే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ప్రోగ్రాం స్వరూపది. బెల్లంపల్లి పిల్ల. వాళ్ల నాన్న బొగ్గుబావిలో చేసి రిటైరయ్యాడు. పాటకూ పాటకూ మధ్య ఆర్‌జే మాట్లాడే మాటల్ని మేం లింక్ అంటాం. స్వరూప లింకులు ఇంట్లో మాట్లాడినట్టే ఉండేవి. రేడియో తెలుగు ఇది కాదని హైదరాబాద్ ఆఫీసు నుంచి రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. రెండుసార్లూ సరేనంది, తర్వాత లింకులోనే మళ్లీ మొదలుపెట్టింది. మూడు గంటలప్పుడు ఆమెకు స్టూడియో కుర్చీలో నడుం పట్టేసేది. అప్పుడు మైకు తెరిచి, "కూసొని కూసొని నడుము పట్టింది. జర లేసి నిలవడుండ్రి, నేను గూడ లేస్తున్న" అని, నిజంగానే లేచి నిలబడి తర్వాతి పాట వేసేది. అద్దం అవతలినుంచి చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం. వినేవాళ్లు లేని టైములో ఎవరిని లేపుతోందని ఎగతాళి చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

వినేవాళ్లు లేరని ఎట్లా తెలుసంటే, లెక్క నా దగ్గరే ఉండేది. స్టూడియోకు వచ్చే ప్రతి ఫోనునూ నా కంప్యూటర్ గంటలవారీగా రాసిపెట్టుకుంటుంది. దాన్ని కాల్ లాగ్ అంటాం. మూడు నెలలకోసారి దాన్ని తీసి, సంతకం చేసి హైదరాబాద్‌కు పంపేవాణ్ని. రెండు నుంచి నాలుగు వరకు ఉన్న గడిలో సున్నా. ఎప్పుడన్నా ఒకటి కనబడితే అది గ్యాస్ సిలిండర్ బుక్ చేయబోయి మాకు చేసినవాళ్లది. నేను ఇంజినీరును, మీటర్ సున్నా చూపిస్తే అక్కడ కరెంటు లేదనే రాస్తాను. అట్లాగే రాశాను.

ఆ సున్నా వెళ్లి ఏం చేసిందో మా స్టేషన్ హెడ్ విజయ మేడం నన్ను పిలిచి చెబితేగాని తెలియలేదు. వచ్చే సోమవారం నుంచి రెండు వారాలపాటు మధ్యాహ్నం రెండు గంటలూ నెట్‌వర్కింగ్. అంటే హైదరాబాద్‌లో ఒక ఆర్‌జే మాట్లాడితే అదే అన్ని ఊళ్లలోనూ వినబడుతుంది. రెండు వారాల్లో శ్రోతల నుంచి ఫిర్యాదు రాకపోతే అదే ఖాయం. స్వరూప ప్రోగ్రాం పోతుంది, ప్రోగ్రాంతో పాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. అప్పటిదాకా రికార్డింగ్ గదిలో కూర్చుని ప్రకటనలకు గొంతు ఇవ్వమన్నారు.

ఆ సాయంత్రం స్వరూప నా గదికి వచ్చింది. "మల్లేశన్నా, గా లెక్క నువ్వే పంపినవట గద" అంది.

ఉన్నది ఉన్నట్టు పంపానన్నాను.

"నువ్వు తప్పు జేసినవంటలేనన్నా. ఎవ్వలు వింటలేరంటే ఇన్నొద్దులు నేను గోడతోని ముచ్చటపెట్టిన్నన్నట్టే గద. గదొక్కటే మనసుకు పడ్తలేదు."

నవ్వుతూనే చెప్పి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మొదటి వారం గడిచింది. హైదరాబాద్ అమ్మాయి గొంతు చక్కగా ఉంది, ఒప్పుకోవాలి. కాకపోతే ఫలానా ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగిందని ఆమె చెబుతుంటే ఇక్కడ మానకొండూరులో రోడ్డు మీద కుక్క కూడా లేదు. అయినా ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. వస్తుందని రోజూ రెండింటికి లాగ్ తెరిచి చూసుకునేవాణ్ని. సున్నా కదల్లేదు. నేను పెట్టిన సున్నా పోవాలని నేనే కోరుకోవడం చూస్తే నాకే నవ్వొచ్చేది.

రెండో వారం బుధవారం, మూడు గంటల వేళ యాకూబ్ చాచా వచ్చాడు. టవర్ సర్కిల్ పక్క సందులో ఆయనకు రేడియో రిపేరు దుకాణం. రేడియోల కాలం అయిపోయాక మిక్సీలూ టేబుల్ ఫ్యాన్లూ బాగుచేస్తున్నాడు. వారానికోసారి సుల్తానాబాద్ అంగడిలో, అంటే సంతలో, బల్ల వేసుకుని కూర్చుంటాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెడిపోయినవి అక్కడ ఇస్తారు, మరుసటి అంగడికి తీసుకుపోతారు. ఆయన గోనెసంచి ఒకటి మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కి వచ్చి, నా బల్ల మీద పదకొండు చిన్న రేడియోలు వరుసగా పేర్చాడు. ఒక్కోదానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. దాని మీద మనిషి పేరు, ఊరి పేరు, రేడియో రోగం. ఫిర్యాదును ఆయన రోగమనే అంటాడు.

"ఇంజినీర్ సాబ్, పదకొండింటికి ఒకటే బీమారి," అన్నాడు. "పొద్దుగాల మంచిగుంటయ్. రెండు కొట్టంగనే గొంతు మారుతది. నాలుగింటికి మల్ల మంచిగైతయ్. ఎండ కొట్టిందంటున్నరు ఆడోళ్లు."

నాకు వెంటనే చదువు గుర్తొచ్చింది. చవక సెట్లలో వేడికి ట్యూనింగ్ పక్కకు జరుగుతుంది, దాన్ని డ్రిఫ్ట్ అంటారు, కాబట్టి వాళ్లన్నది శాస్త్రప్రకారం సరైనదేనని చాచాకు పావుగంట పాఠం చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"నేను గూడ గట్లనే అనుకొని ఒక సెట్టు ఫ్రిజ్‌ల పెట్టిన సాబ్. రెండు కొట్టంగనే ఫ్రిజ్‌లకెళ్లి గూడ గా హైదరాబాద్ పిల్లనే మాట్లాడింది. మా ఇంట్లామె జడుసుకున్నది. సెట్లకు ఏం కాలే. బీమారి మీకొచ్చింది."

నాకు విషయం తలకెక్కడానికి ఇంకో నిమిషం పట్టింది. ఆ సెట్లన్నీ చాచా ఒకప్పుడు అమ్మినవే. స్టేషన్ మార్చే చక్రం పిల్లలు తిప్పకుండా, మా స్టేషన్ మీద నిలిపి, పైన ప్లాస్టర్ అంటించి మరీ ఇస్తాడు. ప్లాస్టర్ అట్లాగే ఉంది, చక్రం ఎవరూ ముట్టలేదు, గొంతు మాత్రం మారింది. అటువంటప్పుడు రేడియోనే చెడిపోయిందని అనుకోక ఏమనుకుంటారు? స్టేషన్‌వాళ్లే మనిషిని మార్చారన్న అనుమానం వాళ్లకు రాలేదు. అంత నమ్మకం మా మీద.

చీటీలు ఒక్కొక్కటే చదివాను. రెండింటికి గొంతు మారుతున్నది. మధ్యాహ్నం పరాయి మనిషి వస్తున్నది. ఎండ దెబ్బ. ఇంకొకదాని మీద, "మన పిల్ల మాట వస్తలేదు." విజయ మేడంను పిలిచాను. ఆమె రెండు చీటీలు చదివి, వెళ్లి రికార్డింగ్ గదిలోంచి స్వరూపను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. స్వరూప పదకొండు చీటీలూ చదివింది. మన పిల్ల అన్న చీటీని మాత్రం చేతిలోనే పట్టుకుని, "గీ సెట్టు ఎవరిది చాచా?" అని అడిగింది. అప్పటికే ఆమె కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

అది లచ్చవ్వది. సుల్తానాబాద్ పక్క ఊరు. ఆ పదకొండు సెట్లలో తొమ్మిది ఆ చుట్టుపక్కలవే. మరునాడు మధ్యాహ్నం స్వరూపా నేనూ ఆ తొమ్మిదింటినీ సంచిలో వేసుకుని ఆఫీసు కారులో వెళ్లాం.

రేకుల షెడ్డు కింద ఇరవైమంది దాకా ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఆకు ఆరిపోతే బీడీ చుట్టరాదు, అందుకని ఫ్యాన్ వేసుకోరు. వైశాఖ మాసంలో, రేకుల కింద, ఫ్యాన్ లేకుండా. తమ సెట్లు రిపేరుకు పోవడంతో పక్క వాడకట్టువాళ్లను అడిగి తెచ్చుకున్న సెట్టొకటి మధ్యలో స్టూలు మీద ఉంది. దాన్ని కూడా ఆకు చుట్టే తడిగుడ్డలోనే చుట్టిపెట్టారు. పైన ఒక ఉల్లిగడ్డ. వడదెబ్బకు మనుషులకు చేసే వైద్యమే రేడియోకూ జరుగుతోంది. దాంట్లోంచి హైదరాబాద్ అమ్మాయి మాట్లాడుతోంది, వీళ్లు జాలిగా వింటున్నారు.

లచ్చవ్వకు అరవై దాటి ఉంటాయి. మేం రేడియోవాళ్లమని, ఈమే స్వరూప అని చెప్పాను. నమ్మలేదు. తలెత్తకుండానే, "ఏదీ, మాట్లాడుమను" అంది.

స్వరూప కొంగు సవరించుకుని, "కూసొని కూసొని నడుము పట్టింది. జర లేసి నిలవడుండ్రి" అంది.

ఇరవైమందీ చాటలు పక్కనబెట్టి లేచి నిలబడ్డారు. అలవాటుగా లేచారు. లేచాక గాని ఎందుకు లేచారో వాళ్లకే తెలియలేదు, తెలిశాక షెడ్డంతా ఒకటే నవ్వులు. ఏడాదిగా రోజూ మూడింటికి ఆ మాట వినగానే లేవడం, రెండు అడుగులు వేసి కూర్చోవడం వాళ్ల పనిలో భాగమైపోయిందట. పది రోజులుగా లేపే మనిషి లేక పొద్దూకేదాకా వంగే ఉంటున్నారట. నడుములు పోతున్నాయని ఒకామె చెప్పింది. మూడు పాటలకు ఒక కట్ట, అంటే ఇరవయ్యైదు బీడీలు, అవుతుందని ఇంకొకామె చెప్పింది. హైదరాబాద్ ప్రోగ్రాంలో పాటకూ పాటకూ నడుమ మాటలు ఎక్కువై ఆ లెక్కా తప్పిందట. స్వరూప వాళ్ల మధ్య చాపమీద కూర్చుని అన్నిటికీ తల ఊపుతోంది. ఆమెను ముట్టుకుని చూసేవాళ్లు, మా ఇంటికి రమ్మనేవాళ్లు, పెండ్లయిందా అని అడిగేవాళ్లు. రేడియోలో ఏడాది చేసి ఆ పిల్ల తన శ్రోతల మొహాలు చూడటం అదే మొదలు.

నాకు మాత్రం ఒక సంగతి అర్థం కాలేదు. ఇంతమంది ఇంత ఇష్టంగా వింటూ ఏడాదిలో ఒక్కసారన్నా ఫోన్ ఎందుకు చేయలేదని అడిగాను. మేం ఎంతమంది వింటున్నారో ఫోన్లను బట్టే లెక్కపెడతామని, ఈ రెండు గంటల లెక్క సున్నా వచ్చిందని, ఆ సున్నా పంపింది నేనేనని కూడా దాచకుండా చెప్పాను.

లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తి నా మొహం ముందు పెట్టింది. వేళ్ల సందుల్లో తంబాకు, గోళ్లకు ఆకు మరక, చూపుడువేలికి దారం చుట్టుకుని ఉంది.

"రెండు చేతులు గిట్లున్నయ్ బిడ్డా. దేనితోని కొట్టాలె ఫోను, కాలితోనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, సిగ్గుతో చచ్చిపోయాను. నేను పుట్టింది ఆ పక్క ఊళ్లోనే. మా అవ్వ బీడీలు చేయకపోయినా మా వాడకట్టంతా చేసేది. చాట ఒళ్లో ఉన్న మనిషి దాహమైనా లేవదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసినవాణ్ని ఏసీ గదిలో కూర్చుని ఆ మనిషి చేసే ఫోన్ కోసం చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు సెట్లు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాం. చీటీలు మాత్రం అడిగి తీసుకున్నాను. మా పనిలో ఏదన్నా చెడిపోతే ఫాల్ట్ రిపోర్ట్ రాయాలి. లోపమేమిటి, కారణమేమిటి, ఎట్లా సరిచేయాలి, మూడే గడులు. శుక్రవారం ఆ కాగితమే తీసుకున్నాను. లోపం: మధ్యాహ్నం శ్రోతలు లేరని నేను పంపిన లెక్క. కారణం: శ్రోతల చేతులు ఖాళీగా లేకపోవడం, ఆ సంగతి ఇంజినీరు అడగకపోవడం. సరిచేయు విధానం: పాత ఆర్‌జేను వెంటనే బిగించవలెను. పదకొండు చీటీల ఫోటోలు, ఉల్లిగడ్డతో ఉన్న రేడియో ఫోటో జతచేసి, కింద సంతకం పెట్టాను. విజయ మేడం చదివి, ఉద్యోగం నీకు బరువైందా మల్లేశం అని అడిగింది. అడుగుతూనే పక్కన తన సంతకమూ పెట్టింది.

శనివారం హైదరాబాద్ నుంచి పెద్దసారు ఫోన్ చేశాడు. ఆయన జీవితంలో ఇట్లాంటి ఫాల్ట్ రిపోర్ట్ గాని, ఇట్లాంటి సర్వే గాని రాలేదట. శ్రోతలు ఫిర్యాదు చేస్తే చూద్దామని మనమే అన్నాం, పదకొండు ఫిర్యాదులు రాతపూర్వకంగా వచ్చాయి, అంతే కదా అన్నాడు. ఉల్లిగడ్డ ఎందుకని అడిగాడు. వడదెబ్బ అని చెప్పాను. ఆయన నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. సోమవారం నుంచి స్వరూపను కూర్చోబెట్టమన్నాడు. యాసను గురించిన హెచ్చరిక మళ్లీ ఎప్పుడూ రాలేదు.

సోమవారం రెండు గంటలకు స్టేషన్‌లో పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరం అద్దం ముందు నిలబడ్డాం. స్వరూప మైకు తెరిచి, "రెండయ్యింది. నేను వచ్చిన" అని రెండే మాటలు చెప్పి పాట వేసింది. చాచా తన దుకాణంలో ఉన్న సెట్లన్నీ బయటికి తెచ్చి ఒకేసారి మోగించాడట, సందులోవాళ్లంతా బయటికొచ్చి చూశారట. అది తర్వాత తెలిసింది.

రెండున్నరకు స్టూడియో ఫోను మోగింది. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గ్యాస్ బుకింగే అనుకుంటూ నేనే ఎత్తాను.

"బిడ్డా, లచ్చవ్వను. చేతులు కడుక్కొని వచ్చి కొడుతున్న. మీ లెక్కల ఒకటి రాసుకో. పెడుతున్న, పని ఆగింది."

మాట్లాడేలోపే పెట్టేసింది. కంప్యూటర్ తన లెక్క తాను రాసుకుంది. నేనూ కాగితం మీద నా చేతితో ఒకటి వేసుకున్నాను.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పటికీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మా ఫోను మోగదు. రిపోర్టులో ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా కలం ఆపుతాను. సంతకం పెట్టేముందు ఒకసారి సుల్తానాబాద్ అంగడికో, ఆ రేకుల షెడ్డుకో పోయి కూర్చుని వస్తాను. మీటర్ అబద్ధం చెప్పదని నాకు కాలేజీలో నేర్పారు. మీటర్‌కు చేతులు ఖాళీగా ఉన్నవాళ్లే కనబడతారని లచ్చవ్వ నేర్పింది.